గుండెమింగి మాయం

“తాళంచెవి ఒక్కటే. అది ఈ అమ్మాయి మెడలోనే వేలాడుతోంది. ఇంక పరిశోధించడానికి ఏముందండీ?” అన్నాడు బీమా ఆఫీసరు, అట్ట మీది కాగితంలో ఒక టిక్కు పెడుతూ.

పరీక్షకు వెళ్లే పిల్లాడిలా ఆ అట్టను ఎప్పుడూ చంకలో పెట్టుకుని తిరుగుతాడు గనక ఆయన్ని వెనకాల అందరూ అట్టాయన అంటారు. గడిచిన ఏడాదిలో మూడు కేసుల్లో డిటెక్టివ్ చేతిలో ఓడిపోయాడు. నాలుగోసారి ఆ అవమానం పడకూడదని ఇవాళ ఆమెకన్నా ఇరవై నిమిషాలు ముందే వచ్చి కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

డిటెక్టివ్ గుమ్మంలోనే నిలబడి గడియారం చూసుకుంది. ఒంటిగంటా ఇరవై. నుదుటి మీద ఒక తెల్లజుట్టు పాయ, పసుపు ఫ్రేము కళ్లజోడు, పచ్చ స్వెటరు. ఈ మూడింటినీ చూసి ఊళ్లో చిన్నపిల్లలు కూడా ఆమెను గుర్తుపడతారు. నలభై నాలుగేళ్లు వచ్చినా కొత్త కేసు అంటే ఆమె మొహం వేసవి సెలవులిచ్చిన బడిపిల్ల మొహమే.

“ముందు పోయిందేమిటో నన్ను విననివ్వండి. దొంగ ఎవరో తర్వాత తేల్చుదాం” అంది ఆఫీసరుతో. తర్వాత గోడవారగా నిలబడి ముక్కు తుడుచుకుంటున్న అమ్మాయి వైపు తిరిగింది. “చెప్పమ్మా. నాకు ఈ ఆటల సంగతి ఓనమాలు కూడా రావు. మొదటినుంచీ చెప్పు.”

ఆ అమ్మాయి ఈ బొమ్మల కార్ఖానాలో రంగులు వేస్తుంది. అందరూ రంగులమ్మాయి అనే పిలుస్తారు. ఏడుపు దిగమింగుకుని చెప్పడం మొదలుపెట్టింది గాని, ఆట పేరు ఎత్తగానే ఆమె గొంతులోకి ప్రాణం వచ్చింది.

“తూనికల లోకం అని మా ఆట, మేడమ్. బల్ల చుట్టూ కూర్చుని ఒకళ్లు దొంగ, ఒకళ్లు పూజారి, ఒకళ్లు సిపాయి, ఇలా వేషాలు కట్టుకుని పాచికలు వేస్తూ కథ నడుపుతారు. దారిలో వింత జంతువులు ఎదురవుతాయి. ఆ జంతువుల బొమ్మలు మేం చేస్తాం, ఆడేవాళ్లు కూడబెట్టుకుంటారు. అన్నిటికన్నా పెద్దది గుండెమింగి. మొసలి మొహం, సింహం రొమ్ము, నీటిగుర్రం నడుము. పూర్వం ఈజిప్టు వాళ్ల కథల్లో ఉండేదట. చచ్చిపోయినవాడి గుండెని తక్కెడలో ఒకవైపు పెట్టి, రెండోవైపు ఈక పెడతారు. పాపాలతో గుండె బరువెక్కి తక్కెడ కిందికి దిగిందా, పక్కన కాచుకుని కూర్చున్న ఇది గుటుక్కున మింగేస్తుంది.”

“బాగుంది. మా అపార్టుమెంటు సంఘానికి ఒకటి కావాలి” అంది డిటెక్టివ్.

రంగులమ్మాయి ఏడుపులోనే నవ్వేసింది. “మూడేళ్లుగా అందరూ దీనికోసం కాచుకుని ఉన్నారు మేడమ్. మొట్టమొదటి బొమ్మ పెద్దాయన చేత్తో చేసింది. పెద్దాయన అంటే మా శిల్పి తాతగారు. ఇప్పుడాయనకి చూపు బాగా తగ్గిపోయింది. మళ్లీ అలాంటిది చెయ్యలేరు. ఏడు పూతలు వేసి రంగులు నేను దిద్దాను. నాలుగు గంటలకి ఆఖరి ఆట. గెలిచినవాళ్లకి ఆ బొమ్మ ఇవ్వాలి. ఇవ్వలేకపోతే ఇవాళ్టి ఆటల పండుగంతా రద్దు. నన్నయితే...”

“ఇంక ఏ బొమ్మా ఎవరూ నీ చేతికివ్వరు. అంతేగా?” అని వాక్యం పూర్తి చేశాడు ఆఫీసరు. మనిషి చెడ్డవాడు కాడుగాని, పుండు మీద కారం చల్లే మాట ఆయనకు అలవోకగా వచ్చేస్తుంది.

డిటెక్టివ్ గదంతా కలియజూసింది. కిటికీ లేదు, కెమెరా లేదు. మూలన ఆరబెట్టే బీరువా. అద్దాల తలుపు, లోపల సన్నటి వెచ్చదనం, పైన ఉష్ణోగ్రత చూపించే చిన్న పలక. మధ్య అరలో బొమ్మ ఉండవలసిన చోట ఖాళీ పీట.

“టైములు చెప్పు.”

“పదిన్నరకి తాళం వేశాను. పదీ నలభై దాకా ఆటగాళ్లంతా వరసగా వచ్చి అద్దంలోంచి చూసి వెళ్లారు. పదీ నలభై అయిదుకి కింద హాల్లో వేదిక ఎక్కాను. కనురెప్పకి రంగు ఎలా దిద్దాలో చూపించాలి. పదకొండుంపావు దాకా అక్కడే ఉన్నాను. పదకొండున్నరకి వచ్చి చూస్తే పీట ఖాళీ.”

“చూశారా? పదీ నలభైకీ పదీ నలభై అయిదుకీ మధ్య ఈ గదిలో ఈ అమ్మాయి ఒక్కతే. తాళం మీద గీత కూడా లేదు. అయిదు నిమిషాలు చాలవూ?” అన్నాడు ఆఫీసరు.

డిటెక్టివ్ కుర్చీ ఒకటి లాక్కుని బీరువా ముందు ఎక్కింది. పైనున్న పలక మీది మీటను వేలితో నొక్కింది. అంకెలు వెనక్కి నడవడం మొదలుపెట్టాయి. ఆమె పెదాలు ముందు ముడుచుకుని, మెల్లిగా విచ్చుకున్నాయి.

“ఆఫీసరుగారూ, మీ ఇంట్లో ఫ్రిజ్జు తలుపు తెరిచి ఉంచితే మీ ఆవిడ ఏమంటుంది?”

“అదేం ప్రశ్నండీ?”

“చల్లదనమంతా పోతోందని అరుస్తుంది. ఇదీ అంతే, కాకపోతే తిరగేసి. ఈ యంత్రం నిమిషనిమిషానికీ లోపలి వేడిని రాసుకుంటుంది. పదిన్నర నుంచి నలభై అయిదు డిగ్రీల దగ్గర రాయిలా నిలబడింది. పదీ నలభై, నలభై అయిదే. పదీ యాభై, నలభై అయిదే. పదీ యాభై రెండుకి ఒక్కసారి ముప్పై ఒకటికి పడిపోయింది. అంటే తలుపు తెరిచింది అప్పుడు. ఆ సమయానికి నువ్వు కింద ఎంతమంది ముందు నిలబడి ఉన్నావమ్మా?”

“అరవైమంది” అంది రంగులమ్మాయి, తనే నమ్మలేనట్టు.

“అరవైమంది సాక్షులు. మీ కాగితంలో అంత చోటుందా ఆఫీసరుగారూ?”

ఆఫీసరు చెవులు ఎర్రబడ్డాయి. కుర్చీ ఎక్కి తనూ అంకెలు చూశాడు. రెండుసార్లు చూశాడు. దిగి, ఇందాక పెట్టిన టిక్కును అడ్డంగా కొట్టేశాడు. ఎదుటివాళ్లు కాదనడం ఎంత చేదుగా ఉన్నా, లెక్క తేలాక లెక్కకు తలవంచడం ఆయనలో ఉన్న మంచి గుణం.

“సరే. మరి తాళం ఎలా తెరిచారు?”

“రెండో చెవితో” అన్నారెవరో.

గుమ్మంలో చేతికర్ర పట్టుకుని ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. వేళ్ల సందుల్లో ఎప్పటికీ పోని మైనపు మరకలు. పెద్దాయన ఆయనే. “తాళం కొన్నప్పుడు రెండు చెవులు వచ్చాయి. ఒకటి పిల్లకిచ్చా. రెండోది పైన నా గదిలో మేకుకి తగిలించి మరిచిపోయా. ఇప్పుడే వెళ్లి మేకు తడుముకుంటే మేకొక్కటే చేతికి తగిలింది” అన్నాడు. తర్వాత రంగులమ్మాయి భుజం వెతుక్కుని దాని మీద చెయ్యి వేశాడు. “నిన్ను అనుమానించినవాళ్ల నోట్లో మన్ను పడ. ఏడవకు.”

ఆ మన్ను తనకే అని ఆఫీసరుకు అర్థమైంది.

డిటెక్టివ్ ఈలోగా చేతులు కడుక్కునే తొట్టి మీదికి వంగింది. తెల్లటి పింగాణీ మీద నీళ్లు పోయే కన్నం చుట్టూ పల్చటి బూడిదరంగు వలయం. పక్కనే ఒక వెడల్పాటి కుంచె. వెంట్రుకలు ఇంకా తడి.

“ఇవాళ బూడిదరంగు వాడావా?”

“లేదు మేడమ్. పొద్దున్నుంచీ బంగారం రంగు తప్ప ముట్టుకోలేదు. ఇది కొత్తగా నేర్చుకునేవాళ్లకి ఇచ్చే నీళ్లరంగు. తడిగుడ్డతో తుడిస్తే పోతుంది.”

“బూడిదరంగు బొమ్మలు ఈ ఇంట్లో ఇంకెక్కడున్నాయి?”

“కింద హాల్లో. మూడు గంటలకి రంగులు దిద్దే పాఠం ఉంది. నలభైమందికి నలభై బొమ్మలు, అచ్చు ఇలాంటి గుండెమింగులే. మా అచ్చులోంచి తీసిన కాపీలకి బూడిదరంగు పూసి బల్లల మీద పెట్టాం. దిద్దాక ఎవరిది వాళ్లు పట్టుకుపోవచ్చు...” అంటూనే ఆ పిల్ల కళ్లు పెద్దవి చేసింది. “అమ్మో!”

“వీధి గుమ్మం దగ్గర కాపలావాడు సంచీలన్నీ వెతుకుతున్నాడు కదా?”

“ఒక్కొక్కటీ విప్పి చూస్తున్నాడు మేడమ్. ఆ నలభై బూడిద బొమ్మల్ని తప్ప!”

డిటెక్టివ్ చప్పట్లు చరిచినంత పని చేసింది. “అదీ సంగతి! దొంగ బొమ్మని బయటికి తీసుకెళ్లలేదు. బంగారానికి బూడిద పూసి, దాని చెల్లెళ్లలో ఒకదాన్ని తీసేసి ఆ చోట కూర్చోబెట్టి వెళ్లాడు. సాయంత్రం మనమే సంచీలో పెట్టి, నవ్వుతూ సాగనంపుతాం!”

“అయితే ఆలస్యం దేనికి? తడిగుడ్డ పట్రండి, నలభైనీ తుడిచేద్దాం” అని ఆఫీసరు చొక్కా చేతులు మడిచాడు.

“తుడిస్తే మళ్లీ పూసి ఆరబెట్టడానికి రెండు గంటలు. మూడింటికి వచ్చేవాళ్లకి ఏం పెడతాం సార్?” అంది రంగులమ్మాయి.

“కాపీలకీ అసలుకీ ఏమన్నా తేడా ఉందా తాతగారూ?” అని అడిగింది డిటెక్టివ్.

“కాపీల కడుపు బోలు. నాది నిండుకడుపు” అన్నాడు పెద్దాయన, మనవరాలి గురించి చెప్పినంత గర్వంగా.

డిటెక్టివ్ వెంటనే ఫోన్ తీసింది. “అక్కా, నీ కాటా పట్టుకుని హాల్లోకి రా.”

ఆమె అక్క కేకులు చేసి అమ్ముతుంది. చెల్లెలికి కారు నడపడం రాదు గనక, కేకులు అందించే దారిలో చెల్లెల్ని కేసుల దగ్గర దింపుతూ ఉంటుంది. అయిదు నిమిషాల్లో హాల్లోకి వచ్చింది, పిండి తూచే కాటా చంకలో, మాటలు నోట్లో.

“ఏమే, రోడ్డు మీద బండి ఆపనివ్వట్లేదు, ఆ ట్రాఫిక్ ఆయన ఈల వేసి చంపుతున్నాడు. నీకు కాటా ఎందుకు? భోంచేశావా? ఈ మొసలి పిల్లలేంటి ఇన్ని? అయ్యో, ఈ పిల్ల ఏడ్చిందా? ఎవరేడిపించారు?” అని అడుగుతూనే అట్ట చూసి జవాబు తెలుసుకుని ఆఫీసరు వంక ఓ చూపు చూసింది.

హాల్లో నాలుగు వరసల బల్లలు, ఒక్కో బల్లకు పది బొమ్మలు, ముందు సీటు నంబర్లు. డిటెక్టివ్ బొమ్మ పెడుతుంటే అక్క బరువు చదివింది. ఆఫీసరు రాసుకున్నాడు. ఎవరూ రాయమనలేదు, కాని అంకె వినబడితే ఆయన చెయ్యి ఆగదు.

“నూట నలభై గ్రాములు. నూట నలభై ఒకటి. నూట నలభై. ఇదేదో బక్కపిల్ల, నూట ముప్పై తొమ్మిది.”

“తక్కెడ పక్కన కూర్చుని అందరి తూకం చూసేదాన్ని పట్టుకుని తూకం వేస్తున్నారు. కలికాలం!” అని పెద్దాయన పకపకా నవ్వాడు.

మొదటి వరస అయిపోయింది. రెండోదీ అయిపోయింది. రంగులమ్మాయి గోళ్లు కొరకడం మొదలుపెట్టింది. మూడో వరసలో ఇరవై ఆరు దాటి ఇరవై ఏడో బొమ్మ కాటా మీద పెట్టగానే, ఇంతసేపూ గడగడా చదువుతున్న అక్క ఆగింది.

“నూట... ఎనభై ఎనిమిది.”

పెద్దాయన కర్ర పక్కన పెట్టి ముందుకు వచ్చాడు. జేబురుమాలు నీళ్లలో తడిపి, బొమ్మ మూతి మీద ఒక్కసారి సుతారంగా తుడిచాడు. బూడిద కింది నుంచి బంగారు పన్ను ఒకటి తళుక్కుమంది. తర్వాత రెండోది. తర్వాత రంగులమ్మాయి వారం రోజులు కూర్చుని దిద్దిన కాషాయపు కన్ను.

ఆ పిల్ల కెవ్వున అరిచి ముందు పెద్దాయన్నీ, తర్వాత డిటెక్టివ్‌నీ, ఆ ఊపులో బీమా ఆఫీసర్నీ కూడా వాటేసుకుంది. అట్ట కింద పడింది. ఆఫీసరు దాన్ని అక్కడే వదిలేశాడు. తర్వాత తలవంచి, “నన్ను క్షమించు తల్లీ. తొందరపడ్డాను” అన్నాడు. అక్క కళ్లు తుడుచుకుని, కారులోంచి కేకు తెప్పించి తినిపించేదే. ఈలోగా బయట మళ్లీ ఈల మోగింది. “చచ్చాన్రా దేవుడా, బండి!” అంటూ కాటా ఎత్తుకుని పరుగెత్తింది.

గొడవ అక్కడితో ఆగలేదు.

“బొమ్మకి మా కంపెనీ సీలు వేసి పెట్టెలో పెట్టాలి” అన్నాడు ఆఫీసరు.

“తడి బొమ్మకి సీలేమిటండీ? బూడిదంతా కడగాలి, ఆరాలి. చేసిన చేతుల్లో ఉండనివ్వండి” అంది డిటెక్టివ్.

“రూలు రూలే.”

“బొమ్మ బొమ్మే.”

పెద్దాయన ఇద్దరి మాటా వినకుండా బొమ్మను కోటు లోపల పెట్టుకుని పైన తన గదికి మెట్లెక్కేశాడు. వాదించడానికి వస్తువు లేక ఇద్దరూ చల్లబడ్డారు. ఇంక తేలవలసింది ఒక్కటే. ఇరవై ఏడో సీటు ఎవరిది? ఆ సీటులో కూర్చునేవాళ్లే సాయంత్రం బొమ్మను పట్టుకుపోయేవాళ్లు.

పేర్ల పుస్తకం గుమ్మం దగ్గర గుమాస్తా బల్ల మీద ఉంది. మిగతా బొమ్మలన్నీ మళ్లీ వరసల్లో సర్దించి ఇద్దరూ వెళ్లేసరికి గుమాస్తా తలెత్తి, డిటెక్టివ్‌ను చూసి పలకరింపుగా నవ్వాడు. “స్వెటరు మార్చారేంటి మేడమ్? ఇందాకటి నీలం కూడా బాగుంది.”

“ఇందాకటి నీలమేంటి?” అంది డిటెక్టివ్.

“భలేవారే. ఇప్పుడే కదా, పది నిమిషాల క్రితం వచ్చి, నా సీటులో బొమ్మ ఏమైందని అడిగారు? పెద్దాయన పైకి తీసుకెళ్లాడని చెప్పాను. పైకి వెళ్లారుగా!”

ఆఫీసరు పుస్తకం లాక్కుని పేజీ తిప్పాడు. ఇరవై ఏడు ఎదురుగా మూడు రోజుల నాటి తారీఖు, దాని పక్కన డిటెక్టివ్ పేరు, ఇంటిపేరుతో సహా. ఆయన ఆ పేరు వంకా, ఎదురుగా ఉన్న మనిషి వంకా చూశాడు. ఒక్క క్షణం పాత అనుమానం కళ్లలోకి వచ్చింది. మరుక్షణం పోయింది.

“మొన్న కూడా మీరే కదండీ వచ్చి రాసింది?” అంటున్నాడు గుమాస్తా అయోమయంగా. “అదే కళ్లజోడు, అదే తెల్లపాయ...”

డిటెక్టివ్ పుస్తకంలో తన పేరు మీద వేలు ఆనించింది. బొమ్మ దొరకకపోతే దొంగతనం తన మీద పడేది. దొరికినా తన మీదే పడేది. ఎవరో కూర్చుని, తీరిగ్గా, తన మొహం కుట్టుకుని తొడుక్కున్నారు. ఆ మొహంతో ఇప్పుడు చూపు ఆనని ముసలాయన దగ్గరికి వెళ్లారు.

“పదండి!” అని అరిచింది ఆఫీసరే. మెట్లు రెండేసి చొప్పున ఎక్కాడు. డిటెక్టివ్ ఆయన వెనకే.

గది తలుపు బార్లా తెరిచి ఉంది. పెద్దాయన కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. అడుగుల చప్పుడుకు తల తిప్పి, పసుపు ఫ్రేమును పోల్చుకుని, “ఇప్పుడే కదమ్మా బొమ్మ పట్టుకెళ్లావు? మళ్లీ వచ్చావేం?” అన్నాడు.

డిటెక్టివ్ గబగబా కుర్చీ దగ్గరికి వచ్చింది. “ఇచ్చేశారా తాతగారూ?”

ఆ గొంతు వినగానే పెద్దాయన మొహం వికసించింది. “ఆఁ, ఇది అసలు గొంతు! ఇందాకావిడ గొంతు వేరు. నాకు చూపు పోయిందిగాని చెవులు పోలేదమ్మా. అడిగింది, కాదనలేదు. కాదంటే ఏం చేస్తుందో అని, నా బల్ల మీది బోలు బొమ్మ ఒకటి గుడ్డలో చుట్టి చేతిలో పెట్టా, వెనక మెట్లు దిగి వెళ్లిపోయింది.” కోటు గుండీ విప్పాడు. లోపలి నుంచి గుండెమింగి బంగారు పళ్లన్నీ బయటపెట్టి చూసింది. “ఇది ఇక్కడే ఉంది. కడిగేశా కూడా.”

ఆఫీసరు గోడకు జారబడి, చిన్నపిల్లాడిలా నవ్వడం మొదలుపెట్టాడు. డిటెక్టివ్ వంగి పెద్దాయన మైనపు చేతులను కళ్లకు అద్దుకుంది. ఆఖరి ఆట జరుగుతుంది. గెలిచినవాళ్లు బొమ్మను ఎత్తి పట్టుకుంటారు. రంగులమ్మాయి పేరు మైకులో మోగుతుంది. ఇంతకన్నా ఒక రోజు నుంచి ఏం కావాలి?

“మేడమ్” అన్నాడు ఆఫీసరు. ఆయన కిటికీలోంచి కిందికి చూస్తున్నాడు. గొంతులో నవ్వు లేదు. “మీ అక్కగారి కారు ఎర్రదే కదూ?”

డిటెక్టివ్ కిటికీ దగ్గరికి దూకింది. వీధికి అవతల అక్క కారు. పక్కన ట్రాఫిక్ ఆయన ఈల వేస్తూ చెయ్యి ఊపుతున్నాడు. నీలం స్వెటరు వేసుకున్న ఒక మనిషి, చేతిలో గుడ్డ మూట, తడబాటు లేకుండా నడిచి వెనక తలుపు తీసి ఎక్కింది. ముందు సీటు నిండా కేకు పెట్టెలు. అక్క వెనక్కి తిరిగి చూడలేదు. ట్రాఫిక్ ఆయన మీద ఏదో విసుక్కుంటూ బండి కదిలించింది.

డిటెక్టివ్ నంబరు నొక్కింది. ఆ మనిషి గుడ్డ విప్పేలోగా అక్క ఎత్తాలి. రెండో మోతకు అక్క ఎత్తింది.

“అక్కా, గట్టిగా మాట్లాడకు. వెనక సీట్లో ఎవరున్నారు?”

“ఇదేం ఆటే? నువ్వేగా ఎక్కావు! వెనకాల కూర్చుని ఫోన్ చెయ్యడమేంటి, నోటితో చెప్పొచ్చుగా...”

అక్క గొంతు అక్కడ ఆగిపోయింది. కారు మలుపు తిరిగిపోయింది. అక్క ఒక మాటను సగంలో ఆపెయ్యడం డిటెక్టివ్ పుట్టి బుద్ధెరిగాక అదే మొదటిసారి వినడం.